లోతైన మనిషి వాసన

ఆ రోజుల్లో మనిషి గుణం సీసాలో దొరుకుతుందని నేను నమ్మాను. అంతకంటే సిగ్గుచేటు, పదిమందిని నమ్మించి అమ్మాను కూడా. మాది వికారాబాద్. పదో తరగతి గట్టెక్కలేక తాండూరులో ఒక ఫ్యాన్సీ షాపులో చేరాను. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. ఒకసారి మా సేటు కొత్త సెంటు తెప్పించాడు. చెక్క మూత, తేనె రంగు. ఊదు, గంధపు చెక్క, అప్పుడే కోసిన టేకు ముక్క కలిపినట్టు వెచ్చటి వాసన. "గిది ఆడోళ్లకు, మొగోళ్లకు ఇద్దరికి నడుస్తది. పూసుకున్నోళ్లు లోతైన మనుషులు, తక్కువ మాట్లాడుతరు అని చెప్పు" అన్నాడు సేటు. తక్కువ మాట్లాడే మనుషుల గొప్పతనం గురించి నేను ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని (కొనేవాళ్లు మర్యాదకు నవ్వు ఆపుకొని ఉంటారు).

నా రోగమల్లా నోరే. అప్పటికే రెండు సంబంధాలు చెడగొట్టుకున్నాను. ఒకాయన జుట్టు రంగు చెవికి కూడా అంటిందని ఆయన ముఖం మీదే చెప్పాను (అంటిన మాట నిజం). ఇంకొకాయన తల్లిని, కొడుకు మాట్లాడడా, అన్నీ మీరే చెప్తారా అని అడిగాను. మూడో సంబంధం ధారూర్ నుంచి వచ్చింది. పిల్లవాడు మోటార్లు బాగుచేస్తాడు. పెళ్లయ్యాక కూడా నన్ను పనికి పోనిస్తామన్నారు. నా రైలు, నా షాపు నాకే ఉంటాయి. అందుకే ఇది తప్పిపోకూడదని నా ఆరాటం.

సంబంధం తెచ్చిన మా పెద్దమ్మ పెళ్లిచూపుల పొద్దున్నే బెదిరించింది. "ఇయ్యాల నోరు తెరిచినవో, మల్ల మీ గడప తొక్క. సమజైందా బిడ్డా?" ఇక నాకు సీసాయే దిక్కు. షాపులో వాసన చూపించే సీసా అడిగి తెచ్చుకొని మెడకూ కొంగుకూ జడకూ పట్టించాను. మా పిల్లి తుమ్మి గోడెక్కింది.

పిల్లవాడు తల్లినీ నాయనమ్మనూ వెంటబెట్టుకొని వచ్చాడు. చాయ్ ఇస్తూ తలెత్తి చూద్దును కదా, వారం కిందట షాపులో అరగంట నిలబడి, నా ఉపన్యాసమంతా విని, సీసా కొనుక్కుపోయిన మనిషి! (పిల్లను దొంగచాటుగా చూసిపోయాడన్నమాట.) ఆ సీసా ఒంటి మీద బోర్లించుకొని మరీ వచ్చాడు. నేను లోతుగా కూర్చున్నాను. ఆయన నాకంటే లోతుగా కూర్చున్నాడు. గోడ గడియారం ఒక్కటే మాట్లాడుతోంది.

"మా పిల్లకు నోట్లె నాలుకనే లేదు" అంది పెద్దమ్మ.

ఆయన మీసం కదిలింది. ఇప్పుడు బయటపెడతాడు, పోయింది సంబంధం, పోయింది నా రైలు అనుకున్నాను. ఈలోపు నాయనమ్మ ముక్కు ఎగబీల్చింది. "మీ ఇంట్ల బాలింత ఉన్నదా? ఊదు పొగ వాసనొస్తుంది."

మా వైపు కాన్పయిన తల్లికీ బిడ్డకీ తలంటి ఊదు పొగ వేస్తారు. మా ఇంట్లో ఉన్నదేమో పెళ్లికాని పిల్ల ఒక్కతే! పెద్దమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బాలింత ఏడున్నది అవ్వా?" అంది. అవ్వ వినకుండా లేచొచ్చి నా జడ వాసన చూసింది. "పిల్ల కాడ్నుంచే వస్తుంది." తర్వాత మనవడి మెడ దగ్గర ముక్కు పెట్టింది. "నీ కాడ గూడ గదే వాసన! నువ్వెప్పుడు కన్నవ్‌ర?"

ఇక నా వల్ల కాలేదు. "అవ్వా, గది బాలింత వాసన గాదు, లోతైన మనుషుల వాసన! ఆయనకు నేనే అమ్మిన!" అని మొదలుపెట్టి, సేటు గురించి, చెక్క మూత గురించి, పిల్లి తుమ్ము గురించి కూడా చెప్పేశాను. పెద్దమ్మ నెత్తి పట్టుకుంది.

ఆయన మెల్లగా అన్నాడు. "షాపుల గూడ గిట్లనే అవ్వా. ఎప్పుడాపుతదో అని చూసిన. ఆపలే. అందుకే వచ్చిన."

"మంచిదే బిడ్డా, నువ్వు మూగోని లెక్కుంటవ్. ఇంట్ల ఒక్క గొంతన్న ఇనబడాలె" అంది అవ్వ.

ఆ రోజు ఆయన మౌనం కూడా నా మౌనంలాగే అరువుదనుకున్నాను. కాదని పెళ్లయ్యాక తెలిసింది. సీసా అయిపోయి ఏళ్లయినా ఆయన రోజుకు పది మాటలు దాటడు. మా బిడ్డ పుట్టినప్పుడు అవ్వ నా తలకు ఊదు పొగ వేస్తుంటే, గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, "గిప్పుడు లోతైనవ్" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను చెప్పిన జవాబు పొగ ఆరిపోయినా ఆగలేదు.

ఇప్పటికీ తాండూరు రైల్లో ఎవరి దగ్గరైనా ఆ వాసన వస్తే, కొంగు నిండా సెంటు పోసుకొని పెదవులు బిగబట్టి కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. పాపం, ఆ కాసేపు ఎంత కష్టపడిందో!