పరగడుపు పొట్లం

మణెమ్మ అబద్ధమాడదని ఆళ్ళగడ్డలో ఆమె పేటంతా నమ్మేది. 1978 ఎండాకాలంలో ఆ నమ్మకానికి బీట పడింది.

ఆమె చర్చి తరఫున పల్లెల్లో ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించేది. కళ్ళలో పొర వచ్చింది. పుస్తకం ముక్కుకు ఆనించినా అక్షరాలు అలుక్కుపోయేవి. ఆపరేషన్ కాకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

నంద్యాలలో పరగడుపున నెత్తురు పరీక్షించారు. చక్కెర ఎక్కువ. తగ్గితేనే కత్తి పెడతామన్నారు. మణెమ్మ తీపి మానింది, సంగటి సగం చేసింది. మళ్ళీ పోతే చక్కెర ఇంకా పెరిగింది.

కోడలు లూదియా బెల్లం డబ్బాకు తాళం వేసింది. మణెమ్మకు తాళం కనిపించలేదు. చప్పుడు వినిపించింది.

"నేను దొంగనా లూదియా?"

"నేనన్లే అత్తా. నీ నెత్తురే అంటాంది."

మూడోసారి లూదియా కూడా వచ్చింది. బస్సులో అత్త చేతులనే చూస్తూ కూర్చుంది.

"పొద్దున ఏమన్నా తిన్నావా?" డాక్టరు అడిగాడు.

"లేదయ్యా."

"రాత్రి నుంచి నా కండ్ల ముందరే ఉంది సార్, ఏం తిన్లే," అంది లూదియా.

అంతలో మణెమ్మకు ఆయాసం వచ్చింది. కొంగు ముడి విప్పి పొట్లం తీసింది.

"ఆగు. ఏందది?" అన్నాడు డాక్టరు.

"ఆయాసం పొడి. సంజామల దావలో మద్దిలేటి ఇస్తాడు. వేరుమందు. దినామూ లేస్తూనే నీళ్ళల్లో కలిపిస్తాది నా కోడలు."

"ఏం తిన్లేదంటివే?"

"మందు తిండెట్లయితాదయ్యా?"

డాక్టరు పొట్లం విప్పాడు. గోధుమరంగు పొడిలో తెల్లని నలుసులు కనిపించాయి.

"స్టెరాయిడ్ బిళ్ళలు నూరి కలిపినట్టుంది. నీకు ఊపిరాడేది దాంతోనే. చక్కెర పెంచేదీ అదే కావచ్చు."

"ఈడనే పారేస్తా," అంది లూదియా.

"వద్దు. ఒక్కసారి మానితే ప్రాణానికే ముప్పు. పొడి బదులు నేను బిళ్ళలిస్తా. కొంచెం కొంచెం తగ్గిద్దాం."

తగ్గించిన ప్రతిసారీ ఆయాసం తిరిగి వచ్చేది. గోడకు ఆనుకొని, నోరు తెరిచి, మణెమ్మ గాలి కోసం పెనుగులాడేది. లూదియా వీపు రాస్తూ కూర్చునేది. డాక్టరు వేరే మందు జోడించాడు. పాత పొట్లం అడగలేదు మణెమ్మ. ఊపిరి పోతుందేమోనని ఇద్దరికీ భయమే.

వానలు తగ్గుముఖం పట్టాక చక్కెర దిగింది. ఒక కంటికి ఆపరేషన్ చేశారు.

కళ్ళద్దాలు పెట్టుకొని మణెమ్మ మొదట వంటింట్లోకి నడిచింది. డబ్బాకు చిన్న ఇత్తడి తాళం వేలాడుతూ ఉంది.

"మంచి తాళమే కొన్యావే," అంది.

లూదియా తాళంచెవి కోసం వెతకసాగింది.