నడుము అని చెప్పిన నొప్పి

మా బావ దేవదాసును జిమ్ముకు తీసుకుపోయింది నేనే. కాబట్టి ఇందులో సగం తప్పు నాది. మిగతా సగం ఆయన మొండితనానిది.

బావది ముస్తాబాద్. తాతల నుంచీ కల్లు గీతే బతుకు. నలభై ఏళ్లొచ్చినా రోజుకు పదిహేను తాటిచెట్లు ఎక్కి దిగేవాడు. సిరిసిల్లలో నేను పోయే జిమ్ముకు ఒకసారి వచ్చి, బరువులెత్తే వాళ్లను చూసి నవ్వాడు.

"తాటిచెట్లెక్కెటోనికి గీ ఇనుమెంతరా?"

వద్దంటున్నా వినకుండా వంగి నూట ఇరవై కిలోల బార్ లేపాడు. సగంలోనే ముఖం నల్లబడింది. బార్ వదిలేసి గోడ పట్టుకున్నాడు.

"ఏమైంది బావా?"

"ఏం గాలె. నడుము వట్టింది."

ఆ అబద్ధం రెండు నెలలు నడిచింది. నొప్పి కుడి తుంటి దగ్గర, గజ్జలో. ఆ మాట నోటితో అనడానికి సిగ్గు. కట్టుకున్న మా అక్క శ్రీవాణికి కూడా చెప్పలేదు. నడుము పట్టిందంటే మా దగ్గర ఒకటే మందు, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకోవడం. వాడలో అలా పుట్టిన మనిషి రాములవ్వ. మూడు ఆదివారాలు పొద్దున్నే వచ్చి బావ నడుము మీద తన్నింది. ముసలామెకు అంత బలం ఎక్కడిదో కానీ, మూడో వారానికి ఆయనకు నిజంగానే నడుము పట్టింది!

చెట్లు గీయక కల్లు ఆగిపోయింది. మళ్లీ చెట్టెక్కుతానో లేదోనని బావకు ఒకటే బెంగ. నాకు ఒళ్లు మండి, అక్కను కూడా వెంటబెట్టుకుని ఆటోలో సిరిసిల్లకు, ఫిజియోథెరపిస్టు వర్ష దగ్గరికి లాక్కుపోయాను. అక్కడా నడుమే అన్నాడు. ఆమె వాదించలేదు. పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి గట్టిగా ఒత్తమంది. ఒత్తగానే "ఓ అవ్వా" అన్నాడు.

"గిది నడుమా అన్నా?" అంది వర్ష.

బావ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "గజ్జల్ల, మేడం."

"రెండు నెలల సంది నాకు గూడ చెప్పకపోతివి," అంది అక్క. కోపం కంటే ఏడుపే ఎక్కువుంది ఆ గొంతులో.

కండరం కొంచెం చిరిగిందనీ, నెలలు పట్టినా మానుతుందనీ వర్ష చెప్పింది. "నొప్పి లేస్తే ఆపాలె. ఓర్చుకునుడు గాదు." ఓర్చుకోవడమే మగతనమనుకునే మనిషికి చేదు మందే అది. అయినా రోజూ వాకిట్లో దిండు ఒత్తాడు, కాలు లేపాడు. చూసినవాళ్లు నవ్వితే తనూ నవ్వాడు.

అయిదో నెలలో వర్ష సరేనంది. బావ నడుముకు మోకుతాడు కట్టుకుని ఒక పొట్టి తాటిచెట్టు ఎక్కాడు. సగం పోయాక ఆగాడు. గజ్జలో గుంజిందని మాకు తెలిసిపోయింది. కింద తోటి గీతవాళ్లు చూస్తున్నారు. సగం చెట్టు దిగడమంటే వాళ్లలో ఎంత చిన్నతనమో నాకు తెలుసు. పళ్లు బిగించి పైకే పోతాడనుకున్నాను.

బావ మెల్లగా దిగాడు. "ఇయ్యాల్టికి గింతే," అన్నాడు మోకు విప్పుకుంటూ.

"పెండ్లయి పదారేండ్లాయె. నువ్వు ఆగంగ గిదే మొదటిసారి సూసుడు," అంది అక్క.

మరో ఇరవై రోజులకు పై సగమూ ఎక్కాడు. కానీ మా అక్క ఊరంతా చెప్పుకునేది మాత్రం ఆయన దిగిన రోజు సంగతే.