చీటీలు కట్టిన కంకులు

మా వైపు దుబాయ్ పోయినా, సూరత్ పోయినా ఒకటే మాట. దేశం పోయిండు అంటారు. అట్లా దేశం వచ్చిన మేము సూరత్‌లో ఇరవై ఆరేళ్లు ఉన్నాం. ఉధ్నాలో మగ్గాల చప్పుడు మధ్య ఒక కిరాయి గదిలో, తర్వాత కోసాడ్ కాలనీలో. మా ఆయన పనిచేసే మగ్గాల షెడ్డు దీపావళికి మూతపడింది. ఆయన చెవులు అంతకుముందే సగం పోయాయి. ఇక ఇంటికే పోదామని జనవరి చివరికి రైలు టికెట్లు తీసుకున్నాం.

ఊళ్లో మాకు ఒక్క ఎకరం ఉంది. మరిది తన చేనుతో కలిపి పత్తి వేస్తున్నాడు. ఈసారి జొన్న వేస్తానని ఫోన్ చేస్తే నవ్వాడు.

"జొన్న ఇత్తనం యాడున్నది వదినా మనూర్ల? నోటికి రుచున్న ఇత్తనం తెచ్చి సూపెట్టు, నీ ఎకరం నీకిడుస్త. లేకుంటే పత్తే."

పరాచికానికి అన్నాడో ఏమో. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఉత్త చేతులతో పోతే నా ఎకరంలో నేనే పత్తి ఏరే కూలిదాన్ని అవుతాను.

విత్తనం ఎక్కడుందో నాకు తెలుసు. చలికాలంలో సూరత్ వాళ్లు పాలు పోసుకున్న జొన్న కంకుల్ని నిప్పుల్లో కాల్చి, గింజలు రాల్చి తింటారు. పోంక్ అంటారు. మా ఊసబియ్యమే అది. కోసాడ్ దాటి ఆటోలో పోతే ఆ జొన్న వేసే ఒక పెద్దామె చేను వస్తుంది. అందరూ ఆమెను బా అంటారు, అమ్మ అన్నట్టు. మూడు చలికాలాలుగా నేను అక్కడ కోతకు పోతున్నాను. ఆమె జొన్న తియ్యగా ఉంటుంది, గింజ పొట్టు వదిలి చేతిలోకి జారుతుంది. ఆమె అత్తగారి కాలం నుంచి కాపాడుకుంటున్న విత్తనం అది.

రైలుకు నెల రోజుల ముందు అడిగాను.

"చేతికి ఇవ్వను బేన్," అంది బా. "మా ఇంట్లో విత్తనం ఎవరికీ చేతికివ్వం. నీకు కావలసిన కంకులకు గుర్తు పెట్టుకో. ఓ నలభై. ఎండేదాకా కాపాడుకుంటే నీవి, లేకపోతే లేదు."

ఆమె తన విత్తనం కంకులకు ఎర్ర దారం కడుతుంది. దారం ఉన్న కంకి మీద ఎవరి కొడవలీ పడదు. ఆ చేను తెలిసిన వాళ్లందరికీ అది తెలుసు. నాకూ తెలుసు.

అయినా నేను దారం కట్టలేదు. చీటీలు కట్టాను.

ఆల్థాన్‌లో నేను వంట చేసిన తెలుగువాళ్ల ఇంటి అమ్మ, బ్యాంకు ఉద్యోగి భార్య, నాకు అక్షరాలు నేర్పింది. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. డబ్బాల మీద పప్పు, ఉప్పు, చింతపండు అని రాయిస్తూ నేర్పింది. అప్పటి నుంచి నాది అనిపించిన ప్రతిదాని మీదా రాయడం అలవాటైంది. నలభై చీటీలు కత్తిరించి, ఒక్కోదాని మీద "విత్తనం కోయొద్దు" అని రాసి, పాలిథిన్ చుట్టి, నిండుగా ఉన్న నలభై కంకుల కాడలకు కట్టాను. చేతిరాత చక్కగా వచ్చిందని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను కూడా.

నాలుగో రోజు గ్యాస్ కనెక్షన్ అప్పగించే పని మీద నేను చేనుకు పోలేదు. మర్నాడు పోయేసరికి నా వరుసలో మోళ్లు మిగిలాయి. చీటీలు బురదలో పడి ఉన్నాయి. కంకులు ముందురోజే టెంపో ఎక్కి నిప్పుల్లోకి పోయాయి.

కోతకు వచ్చే కొండ ఊళ్ల ఆడవాళ్లకు పెద్దామె ఒకతి ఉంది. ఆమె ముందు నిలబడి అరిచాను.

"చీటీలు కనపడలేదా?"

"కనపడ్డాయి మాసీ. పిట్టల్ని బెదిరించడానికి కట్టావనుకున్నాం. కాగితం గాలికి ఆడితే పిట్ట వాలదు కదా."

"వాటి మీద రాసుంది!"

"ఏం రాసుంది?"

"కోయొద్దని."

ఆమె కొడవలి కింద పెట్టి నవ్వింది. పక్కవాళ్లూ నవ్వారు. "ఎవరికి రాశావు మాసీ, పిట్టలకా?"

నాకు ఏడుపొచ్చింది. వాళ్ల మీద కోపం మాత్రం ఎక్కువసేపు నిలవలేదు. వాళ్లలో చదువొచ్చిన వాళ్లు లేరు. ఉన్నా, తెలుగు ఎవరికొచ్చు అక్కడ? నేను మాత్రం, ఆరేళ్ల కింద కాడకు కాగితం కట్టి ఉంటే ఏమనుకునేదాన్ని? ఉధ్నాలో ఇన్నేళ్లు చీరలకు వేలాడే దారాలు కత్తిరించి బతికినదాన్ని, ఒక్క దారం ముక్క కట్టడానికి చిన్నతనం అనుకున్నాను.

బా వచ్చింది. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "రైలుకు ఇంకా ఎన్ని రోజులుంది?" అంది.

"ఇరవై అయిదు."

"పాల గింజ ఎండడానికి నెల పడుతుంది. చాలదు." చేను ఒడ్డు వైపు చూపించింది. "ముదిరిపోయాయని వాళ్లు కోయకుండా వదిలేసినవి అక్కడక్కడా ఉన్నాయి. పశువులకు పోతాయి. చూసుకో."

ఒడ్డంతా తిరిగాను. ఇరవై మూడు దొరికాయి. వంకరవి, చిన్నవి, ఒకవైపు పిట్ట తిన్నవి. మొదట కంకులు ఎంచుకున్నప్పుడు వాటి వంక కన్నెత్తి కూడా చూడలేదు. ఈసారి ఎర్ర దారం కట్టాను, ఒక్కోదానికి రెండు ముడులు.

ఆ రోజు నుంచి నా ప్రాణం ఆ ఒడ్డు మీదే. పొద్దున మొదటి ఆటోకు పోయేదాన్ని. చిలకలు గుంపుగా వచ్చేవి. డబ్బా వాయిస్తే లేచి పక్క చేనులో వాలి, నేను నీళ్లు తాగేలోగా మళ్లీ వచ్చేవి. ఇంట్లో మూటలు కట్టడం సగంలో ఆగిపోయింది.

"సామాన్లు ఎవలు సదురుతరే?" అన్నాడు మా ఆయన. "టికెట్లు మార్చేది లేదు, ముందే చెప్తున్న. ఆ పశువుల కంకులకు గింత పరేషానా?"

"నీ తమ్ముడే కదా ఇత్తనం తెమ్మన్నది."

"ఆడు నవ్వులాటకన్నడు!"

"నేను నవ్వులాటకు పోతలేను."

చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఆయన గట్టిగా మాట్లాడతాడు. ఆయనకు వినపడాలని నేనూ గట్టిగా మాట్లాడతాను. మా గొడవ మెట్ల మీదున్న వాళ్లందరికీ వినపడింది.

రైలుకు వారం రోజులుందనగా మొగులైంది, మబ్బులు కమ్మాయి. ఎండే గింజ మీద వాన పడితే నల్లబూజు పడుతుంది, మొలక రాదు. అటక మీద రిజెక్టు చీరల ముక్కలు మూటెడు ఉన్నాయి. నీళ్లు నిలవని నైలాన్ ముక్కలు ఏరుకుని పోయి ఒక్కో కంకికి ముసుగు కట్టాను. కోత ఆడవాళ్లు గుమిగూడారు.

"పెళ్లా మాసీ? ఇంతమంది పెళ్లికూతుళ్లా?"

నవ్వుతూనే తలో నాలుగు ముసుగులు కట్టించారు. పిట్టలకా అని అడిగిన పెద్దామె, గాలికి ఊడకుండా కింది ముడి ఎట్లా వేయాలో చూపించింది.

రెండు రోజులు వాన పడింది. మూడో రోజు ముసుగులు విప్పితే ఏడు కంకులు నల్లబడ్డాయి.

రైలు ముందు రోజు పొద్దున మా ఆయన కూడా వచ్చాడు. బా ఒక గింజ ఊడదీసి, దాని అడుగు చూపించింది. "ఇక్కడ నల్ల చుక్క పడితే గింజకు తల్లితో పని తీరినట్టు. చుక్క లేనిది కోయకు, దండగ." మిగిలిన పదహారు కంకుల గింజల్ని ఒక్కొక్కటిగా తిప్పి చూశాం. నా కళ్లకు ఆనకపోతే ఆయన చూశాడు. పదకొండింటికి చుక్క ఉంది. అయిదింటికి లేదు. ఆ అయిదూ నిలబెట్టి వచ్చాను.

వెళ్లేటప్పుడు బా ముందు పదకొండు కంకులూ పట్టుకుని నిలబడ్డాను. తన దారం కంకుల్లోంచి ఒకటి విరిచి ఇస్తుందేమోనని లోపల ఆశ ఉంది. ఇవ్వలేదు. "నీవి నువ్వు తెచ్చుకున్నావు," అంది. అంతే.

రైల్లో ఆ మూట ఆయన ఒళ్లోనే పెట్టుకున్నాడు. మొలకెత్తుతాయో లేదో చూద్దామని నేను పది గింజలు తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో వేసుకున్నాను. ఇల్లు చేరిన రోజు మరిది వచ్చి కంకులు చూసి, "గివేనా వదినా?" అన్నాడు. నేను డబ్బా మూత తీసి గుడ్డ మీద ఇంకాస్త నీళ్లు చల్లాను. మూడో రోజు పొద్దున వాకిట్లో కూర్చుని గుడ్డ విప్పాను. మరిది వంగి చూశాడు. మా ఆయన గట్టిగా అడిగాడు.

"ఎన్ని?"

"ఏడు."

"తొమ్మిదా?"

"ఏడు!"

"ఏడంటున్నది," అన్నాడు తమ్ముడి వైపు తిరిగి, తనేదో మొలిపించినట్టు. "నాగలి ఎప్పుడు కడ్తవో చెప్పు."