తెర మీద నా తొమ్మిది రోగాలు

కుదిరిన సంబంధం చెడగొట్టుకోవడానికి మగవాడికి లక్ష దారులు. తాగొచ్చు, పేకాడొచ్చు. నేను మాత్రం కంప్యూటరుతో చెడగొట్టుకున్నాను. కోనసీమ మొత్తం మీద ఆ ఘనత నాదే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

రెండువేల ఐదో, ఆరో. అమలాపురంలో ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగం నాది. మన దేశంలో ఈ పనెలా జరుగుతుందో నేర్చుకోవడానికి డెన్మార్కు నుంచి ముగ్గురు నిపుణులు వస్తున్నారన్నారు. అక్కడి ఆసుపత్రుల కంప్యూటర్ల వ్యవహారమంతా వాళ్లదేనట. "కంప్యూటరూ, ఇంగ్లీషూ రెండూ వచ్చినవాడివి నువ్వే వెంకట్రావూ, నువ్వే చూపించాలి" అన్నారు మా డాక్టరమ్మగారు.

వాళ్లు ముందుగానే మెయిలు పెట్టారు: నిజమైన రోగుల వివరాలు చూపించకండి, ఉత్తుత్తి రోగిని తయారు చెయ్యండి అని.

ఉత్తుత్తి రోగికైనా పేరు కావాలిగా! ఏ పేరు పెట్టినా మా సీమలో ఆ పేరుగలవాడు ఒకడుంటాడు. వాడి బావమరిది సరిగ్గా మా ఆసుపత్రి గుమ్మంలోనే ఉంటాడు. "మా బావకి పక్షవాతమని రాస్తావా?" అని చొక్కా పట్టుకుంటాడు. ఎందుకొచ్చిన గొడవని నా పేరే పెట్టేశాను, ఇంటిపేరు, ఊరు, వయసుతో సహా. అక్కడితో ఆగానా? మా కంప్యూటరు సత్తా తెలియాలని షుగరు, బీపీ, ఉబ్బసం, మూర్ఛ, మూలశంక... మొత్తం తొమ్మిది రోగాలు తగిలించాను.

అప్పటికే నాకు కొత్తపేట సంబంధం ఖాయమైంది. అమ్మాయి పేరు పద్మ. దాచడమెందుకు, పెళ్లిచూపులయ్యాక మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి.

అతిథులు రానే వచ్చారు. గోడకి తెర కట్టాం. దొరల్ని చూడ్డానికి రోగులు, రోగుల చుట్టాలు, ఏ రోగమూ లేనివాళ్లు, అందరూ హాజరు. ముందు వరసలో పద్మ నాన్నగారు, కొబ్బరి వ్యాపారి సుబ్బారాయుడుగారు! కాబోయే అల్లుడు దొరలకి పాఠం చెబుతాడని తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆ తమ్ముడు బడిలో మేష్టారు. మావగారిని చూసిన హుషారులో నేను ఠపీమని మీట నొక్కాను. నా పేరు, కింద తొమ్మిది రోగాలు, ఇంగ్లీషులో గోడంతా పరుచుకున్నాయి.

మేష్టారు కళ్లజోడు సవరించుకున్నారు.

"అన్నయ్యా, అబ్బాయికి షుగరంట."

"ఆయ్?"

"మూర్ఛ కూడా ఉందంట."

"చూపుల్లో బానే కూర్చున్నాడు కదరా!"

"మూలశంకుందంట. ఎలా కూర్చున్నాడో పాపం!"

ఆలూ లేదు చూలూ లేదు, అల్లుడికి మూలశంక! నేను తెరకి అడ్డంగా నిలబడ్డాను.

"అవన్నీ ఉత్తుత్తివండీ! చూపించడానికి నేనే రాసేనండి!"

"ఉత్తినే ఎవరైనా మూలశంక రాసుకుంటారేటండీ?" అన్నారు సుబ్బారాయుడుగారు.

వచ్చిన ముగ్గురిలో ఒక దొరసాని ఉంది, ఏమైందని అడిగింది. చెప్పాను. పాపం, మంచి మనిషి. సుబ్బారాయుడుగారి ముందుకొచ్చి ఇంగ్లీషులో గడగడా వాదించింది. మేష్టారికి ఇంగ్లీషు గోడ మీదుంటే వస్తుంది గానీ, దొరసాని నోట్లో ఉంటే రాదు. అన్నదమ్ములిద్దరూ నా వంక చూశారు.

"ఏవంటున్నారండీ ఆవిడ?"

"నాకు ఏ జబ్బూ లేదంటున్నారండి."

"ఇంకా?"

"నేను చాలా బుద్ధిమంతుణ్ణంటున్నారండి." నిజంగానే అంది, ఒట్టు.

"ఆవిడంటున్నారా, తవరంటున్నారా?"

డాక్టరమ్మగారు చూస్తే కాన్పు గదిలో ఉన్నారు. దొరసాని మాటలకి అక్కడ నన్ను తప్పించి ఇంకో సాక్షి లేడు.

తరవాత డాక్టరమ్మగారే జాలిపడి నాకు అన్ని పరీక్షలూ చేయించారు. తొమ్మిదిలో ఒక్కటీ లేదు. ఆ కాగితాలు పట్టుకుని కొత్తపేట పరిగెత్తాను. సుబ్బారాయుడుగారు కుర్చీ వేయించి, బొండం కొట్టించి, కాగితాలన్నీ ఓపిగ్గా చూశారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చాలా సంతోషమండి. రోగాలేం లేవు" అన్నారు. "ఉన్నా పరవాలేదండి, మందులిప్పించుకుందుం. లేనివి ఉన్నాయని అంత చక్కగా రాసేరు చూడండి, దానికి మందు లేదండి. రేపు పెళ్లయ్యేక ఉన్నవి లేవని ఇంకెంత చక్కగా రాస్తారో! బొండం తాగండి."

తాగాను. బస్సెక్కాక ఏడ్చాను.

కాబట్టి గోదారి తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ దేశం నిపుణులొచ్చి ఎంత బతిమాలినా, ఉత్తుత్తి రోగానికి నా పేరు పెట్టను. తప్పదంటే పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టేసినవాడి పేరే పెడతాను. వాణ్ణి ఇక ఎవరూ వద్దనలేరు.