మూడో నంబరు బండి తాళంచెవి

కొండ మీది పోస్టుకు నేను చేరింది నవంబరులో, ఉదయం ఆరున్నరకు. ఎత్తు తొమ్మిది వేల అడుగులు. చలి సున్నాకు నాలుగు కింద. బండి దిగగానే సుబేదార్ నా చేతికి బకెట్టు, బ్రష్షు ఇచ్చాడు.

"ఎలక్ట్రీషియన్‌వి కదా. ముందు ఆ కేబిన్ కడుగు. వైర్లు తర్వాత."

ముందురోజు రేషన్ లారీ మీద కాల్పులు జరిగాయి. ముందు అద్దం లేదు. సీటు మీద రక్తం గడ్డకట్టి, మంచుతో కలిసి పెంకులా ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకాను. సీటు సందులో ఒక పన్ను దొరికింది. గుడ్డలో చుట్టి సుబేదార్‌కు ఇచ్చాను. ఆయన చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

మాది ఇబ్రహీంపట్నం. ఎనిమిది పాసైనట్టు కాగితం పెట్టి పటాలంలో చేరాను. నిజంగా చదవడం వచ్చింది ఇరవై ఆరో ఏట, బ్యారక్‌లో, వైరింగ్ బొమ్మల కింది పేర్లు కూడబలుక్కుంటూ. అందుకే అచ్చులో ఉన్న మాట నాకు ఆర్డరుతో సమానం. ఆ పోస్టు నా ఆఖరి డ్యూటీ.

పని ఇదీ. పది లారీలకు ట్రాకర్లు బిగించాలి. బండి ఎక్కడుందో కంట్రోల్ రూమ్ తెర మీద చుక్కలా కనిపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే పచ్చ చుక్క, ఆగితే బూడిద రంగు. ఆర్డరు ఏమిటంటే, పచ్చ చుక్క మలుపుల్లో ఎక్కడైనా రెండు నిమిషాలు కదలకుండా ఉంటే పన్నెండు మంది పార్టీ వెంటనే బయలుదేరాలి. బూడిద రంగు చుక్కకు ఆ ఆర్డరు లేదు. ఆగిన బండి ట్రాకర్ నిద్రపోతుంది, గంటకు ఒక్కసారే కబురు పంపుతుంది.

ఇంజన్ నడుస్తోందో లేదో ట్రాకర్‌కు చెప్పేది ఒకే వైరు. ఆ వైరును వెతకడమే అసలు పని. స్టీరింగ్ కింద తాళం దగ్గర మూడు వైర్లు ఉంటాయి. టెస్ట్ లాంప్ పెట్టి చూడాలి. ఒకదాంట్లో ఎప్పుడూ కరెంటే. ఒకదాంట్లో సెల్ఫ్ కొట్టినప్పుడే. మూడోదాంట్లో తాళంచెవి తిప్పితే లాంప్ వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. ట్రాకర్‌తో వచ్చిన కాగితంలో ఆ మూడోదానికే కలపమని ఉంది.

మూడో నంబరు బండి డ్రైవర్‌ది కోహెడ. మా ఊరికి పక్కనే. ముప్పై ఏళ్లవాడు. నేను స్టీరింగ్ కింద పడుకుని ఉంటే పైన కూర్చుని బిస్కెట్లు నములుతున్నాడు.

"అన్నా, గా వైరుకు కలపకు."

"ఎందుకు?"

"చావి బంద్ జేసినా ఈ ముసల్ది నడుస్తనే ఉంటది. ఆగాల్నంటే గీ నల్ల గుండీ గుంజాలె. నీకు తెల్వదా?"

తెలుసు. అవి పాత డీజిల్ బండ్లు.

"తెలుసు. అయితే ఏంది? నడుస్తుంటే చావి ఎవడు బంద్ జేస్తడు?"

"మేమే జేస్తం. బ్రేకుల గాలి తక్కువైతే బజర్ మొత్తుకుంటది. గీ చలికి గాలి నిండే వరకు అరగంట. చెవులు పోతయ్. చావి బంద్ జేస్తే బజర్ నోరు మూస్కుంటది, ఇంజన్ నడుస్తది. డైనమోకాడి నుంచి తీస్కో. ఇంజన్ తిరిగితేనే గా వైరుల కరెంటుంటది."

"కాగితంల గట్ల లేదు."

"కాగితం నడుపుతదా బండి?"

"నువ్వు నడుపు. వైర్లు నేను జూస్త."

వాడు నవ్వాడు. "సరే సార్‌వారూ. మా ఊర్ల పండ్ల మార్కెట్ పడ్డంక లారీ కొంట. గప్పుడు దానికి నువ్వే కలుపుదువు, డైనమోకే."

డైనమో వరకు వైరు లాగాలంటే బానెట్ ఎత్తాలి, బండికి గంట పని. కాగితం ప్రకారం చేస్తే పది నిమిషాలు. పది బండ్లకూ తాళం వైరే కలిపాను.

పదిహేడు రోజులు ఏమీ కాలేదు.

పద్దెనిమిదో రోజు పొగమంచు. ఇరవై గజాల అవతల కనిపించదు. తొమ్మిదింటికి కాన్వాయ్ కింది మజిలీ నుంచి బయలుదేరింది. మూడో నంబరుకు గాలి నిండక వెనక పడింది. అందులో డ్రైవర్, తోడుగా ఒక జవాను. నేను కంట్రోల్ రూమ్‌లో హీటర్ వైరు బాగుచేస్తున్నాను. తొమ్మిది ఇరవైకి తెర మీద మూడో చుక్క పచ్చబడింది. నిమిషంలో బూడిద రంగుకు తిరిగింది.

"మూడు ఇంకా మజిలీలోనే. ఇంజన్ బంద్" అన్నాడు రేడియో ఆపరేటర్.

"గాలి నింపుకుంటున్నాడు. రానీ" అన్నాడు సుబేదార్.

పది ఇరవై ఒకటికి ట్రాకర్ మళ్లీ కబురు పంపింది. చుక్క మజిలీలో లేదు. ఏడు కిలోమీటర్లు పైకి, కొండ మలుపులో ఉంది. బూడిద రంగే.

"మలుపులో ఆపాడు. గాలే అయి ఉంటుంది" అన్నాడు ఆపరేటర్.

పట్టకారు కింద పెట్టి లేచాను. గాలి నింపేది ఇంజన్. గాలి కోసం ఆగినవాడు ఇంజన్ ఆపడు.

"సాబ్, ఆ ఇంజన్ నడుస్తోంది. మనకు తెలియడం లేదు. తప్పు నాది. పార్టీని పంపండి."

సుబేదార్ నా ముఖం చూశాడు. నాకు రైఫిల్ ఇచ్చి బండి ఎక్కమన్నాడు.

పది యాభైకి చేరాం. లారీ మీద దాడి చేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు, పిండి బస్తాలు దింపుకుంటూ. మంచులోంచి మొదటి తూటా మా ముందున్న జవాను మెడలోకి దిగింది. వాడు మెడ పట్టుకుని మోకాళ్ల మీద కూలాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం నా ముఖాన చిమ్మింది. పడుకుని కాల్చాను. బస్తా భుజాన ఉన్నవాడికి తగిలింది. బస్తా చిరిగి పిండి వాడి మీదే పోసింది. లేవబోయాడు. మళ్లీ కాల్చాను. తెల్లటి పిండి ఎర్రటి ముద్ద అయింది. ఆరు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఒకడు పట్టుబడ్డాడు, మిగిలినవాళ్లు లోయలోకి పోయారు.

మూడో నంబరు ఇంజన్ గడగడమని నడుస్తూనే ఉంది.

తోడు వెళ్లిన జవానుకు తల పైభాగం లేదు. డ్రైవర్‌కు తొడలో రెండు తూటాలు. మఫ్లర్ తీసి తొడకు బిగించి కట్టుకున్నాడు, ముడిలో స్పానర్ దూర్చి మెలితిప్పాడు. స్పానర్ మీది చేయి జారిపోయి ఉంది. బూటు నిండా రక్తం. కేబిన్ నేల మీద మడుగు. మెడ మీద వేళ్లు పెట్టాను. ఒళ్లు వెచ్చగానే ఉంది. నాడి లేదు.

డాక్టరు చూసి చెప్పాడు. "గంటసేపు పోరాడాడు. అరగంట ముందు తెస్తే కాలు పోయేది, మనిషి దక్కేవాడు."

కాల్పులు మొదలైంది తొమ్మిది యాభైకని పట్టుబడినవాడు చెప్పాడు. డైనమో వైరు కలిపి ఉంటే పచ్చ చుక్క మలుపులో ఆగేది. తొమ్మిది యాభై రెండుకు మేం బయలుదేరేవాళ్లం. విచారణలో ఇదంతా చెప్పాను. కాగితం ప్రకారమే చేశావని నన్ను వదిలేశారు. మిగిలిన తొమ్మిది బండ్ల బానెట్లు మూడు రోజుల్లో ఎత్తాను.

మార్చిలో రిటైరై ఇంటికి వచ్చాను. మర్నాడే కోహెడ వెళ్లాను. డ్రైవర్ భార్య కుట్టుమిషన్ దగ్గర ఉంది. కూర్చోమంది. కూర్చోలేదు.

"నీ పెనిమిటి నాకు సరిగ్గ చెప్పిండమ్మా. గా వైరు వద్దన్నడు. నేనే ఇనలే."

ఆమె చక్రం మీద చేయి ఆపింది.

"గిప్పుడన్న ఇంటున్నవా?"

"ఇంటున్న."

"అయితే పో" అని మళ్లీ మిషన్ తొక్కింది.

ఇప్పుడు శేరిగూడ కాలేజీ బస్సులకు ట్రాకర్లు బిగిస్తాను. టెస్ట్ లాంప్ తీసే ముందు డ్రైవర్‌ను కూర్చోబెట్టి అడుగుతాను, నువ్వు ఈ బండిని ఎట్ల నడుపుతవు అని. కొందరు విసుక్కుంటారు. "కాకా, వైరు కలిపి పోరాదు" అంటారు. చెప్పేదాకా కదలను.

ఆ రోజు మలుపులో ఇంజన్ ఆపింది నేనే. వాడి మోకాళ్ల మీదుగా వంగి నల్ల గుండీ లాగాను. దానికి ముందు తాళంచెవిని చూశాను. ఆఫ్‌లో ఉంది. దాని రింగుకు చిన్న ఇత్తడి గంట కట్టి ఉంది. నడుస్తున్న ఇంజన్ అదురుకు ఆ గంట ఊగుతూ, మోగుతూ ఉంది.