కలవకూడని ఆరుగురు

మా మున్సిపాలిటీలో నెలకో గురువారం సాయంత్రం నాలుగింటికి ఒక తంతు జరిగేది. దాని పేరు పిల్లల నేరాల నివారణ కమిషన్. డిప్యూటీ మేయర్ గెత్సోవ్ అధ్యక్షుడు. పోలీసు స్టేషన్లో పిల్లల కేసులు చూసే ఇన్‌స్పెక్టర్ వాసెవ్, ఒక హెడ్మిస్ట్రెస్, ఒక డాక్టరు సభ్యులు. వాళ్ళు అన్నవన్నీ టైపు చేసేదాన్ని నేను. పంతొమ్మిదేళ్ళు చేశాను. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఒక పిల్లవాడి గురించి నిజంగా బెంగపడ్డ మనిషిని ఒక్కరినే చూశాను. ఆవిడకి కుర్చీ బల్ల దగ్గర కాదు, గోడవారగా వేసేవాళ్ళు.

ఆవిడ పేరు స్లావ్కా. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు క్రేను నడిపి రిటైరైంది. మా బిల్డింగులోనే నాలుగో అంతస్తు ఆవిడది, రెండోది నాది. పిల్లలందరికీ స్లావ్కా పిన్ని. ముఠాల వైపు జారుతున్న పిల్లలకి ఊళ్ళోంచి ఒక పెద్ద మనిషిని తోడు పెట్టాలని మా బల్గేరియాలో ఒక రూలుంది. రిటైరైన టీచర్లని అడిగితే మోకాళ్ళ నొప్పులన్నారు. లాయర్లని అడిగితే తీరిక లేదన్నారు. స్లావ్కాని అడిగితే, పిల్లవాడేం తింటాడు అని అడిగింది.

గెత్సోవ్ దృష్టిలో నివారణ అంటే ఏడాదికోసారి బడి హాల్లో ఉపన్యాసం, పోలీసులతో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్, "నేను ముఠాలో లేను" అని అచ్చేయించిన చొక్కాల పంపకం. వారం తిరక్కుండానే దిగువ రైల్వే స్టేషన్ ముఠా ఆ చొక్కాలే తొడుక్కుని మూతబడ్డ గనిలో రాగి తీగలు కోసుకుపోయింది. వాచ్‌మన్ తీసిన ఫొటో చూసి, చొక్కాలు బాగానే వాడుతున్నారే అని మురిసిపోయాడా మహానుభావుడు. నవ్వు ఆపుకోలేక నేను దగ్గు నటించాను.

ఆ గని గేటు దగ్గరే లాచో దొరికాడు. పదిహేనేళ్ళు. లోపల వాళ్ళు తీగలు కోస్తుంటే బయట కాపలా కాశాడు. తల్లి స్పెయిన్లో ఒక ముసలాయనకి సేవ చేస్తూ అక్కడే ఉండిపోయింది. వీణ్ణి పెంచుతున్నది ఇరవై రెండేళ్ళ అన్న కామెన్. వాడూ ఒకప్పుడు అదే ముఠాలో తిరిగినవాడే. మానేసి రెండేళ్ళయింది, బేకరీలో పని చేసుకుంటున్నాడు. ఈ మధ్యలో తమ్ముడు చెయ్యి దాటిపోయాడు.

కమిషన్ వాడికి వేసిన శిక్ష ఇది. ఆరు నెలలు స్లావ్కా చేతి కింద ఉండాలి. ముఠాకి చెందిన ఆరుగురిని కలవకూడదు. కలిస్తే బోర్డింగు. బోర్డింగు అంటే పక్క జిల్లాలో దారి తప్పిన పిల్లల్ని పెట్టే బడి. అన్ని ఊళ్ళ ముఠాల పిల్లలూ ఒకే కప్పు కింద ఉంటారు. అక్కడ బాగుపడినవాణ్ణి నేనైతే చూడలేదు.

ఆరు పేర్లూ వాసెవ్ ఇచ్చాడు, మూడేళ్ళ కిందటి ఫైల్లోంచి ఎక్కించి. మూడో పేరు చదవగానే స్లావ్కా లేచి నిలబడింది.

"ఈ మూడోవాడు వీడి అన్న. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు."

"రికార్డులో ముఠా సభ్యుడనే ఉంది," అన్నాడు వాసెవ్.

"ఉండేవాడు, ఇప్పుడు లేడు. పొద్దున మీరు తిన్న రొట్టె వాడు కాల్చిందే."

గెత్సోవ్ గడియారం చూసుకున్నాడు. జాబితా ఆమోదం అయిపోయిందనీ, పేరు కొట్టేయాలంటే పొరపాటు జరిగిందని పోలీసులు రాసివ్వాలనీ చెప్పాడు. వాసెవ్ తన పొరపాటు తను రాసివ్వడమా! ఆ మనిషి ఎప్పుడూ పెన్ను తీసింది అవతలివాళ్ళ తప్పులు రాయడానికే.

చేసేదేం లేక స్లావ్కా లాచోని తన వంటింట్లోకి తెచ్చుకుంది. అన్న ఉండేది సరిగ్గా ఆ కింద ఫ్లాట్లో. కామెన్ సంచిలో వేడి రొట్టె పెట్టి తాడుకి కడితే, ఆవిడ బాల్కనీలోంచి పైకి లాగేది. అన్నదమ్ములు కింద బాల్కనీ నుంచి ఒకడు, పై బాల్కనీ నుంచి ఒకడు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. స్లావ్కాకి కల్లాకపటం తెలియదు. ఇలా మాట్లాడుకోవచ్చా అని కమిషన్‌కి ఉత్తరం రాసింది. ఎవరి ఉత్తరానికీ జవాబివ్వని కమిషన్ దీనికి మాత్రం పది రోజుల్లో ఇచ్చింది. కూడదట. ఆ జవాబూ నేనే టైపు చేశాను. ఆ రోజు ఆవిడ బాల్కనీ తలుపు గడియ వేసి, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చిందని లాచో తర్వాత చెప్పాడు.

నెలనెలా ఆవిడ ఒక నివేదిక ఇవ్వాలి. "జరిపిన సంభాషణలు ఎన్ని" అన్నచోట ఒకసారి ఇలా రాసింది: "మాటలేం లేవు. కలిసి రెండు బస్తాల ఎర్ర మిరపకాయలు కాల్చి తొక్క తీశాం." పద్నాలుగు సంభాషణలని మార్చమంది హెడ్మిస్ట్రెస్. స్లావ్కా మార్చలేదు. నిజానికి మొదటి నాలుగు నెలల్లో వాడు ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఆ సంగతి రాయడానికి ఆ కాగితంలో గడే లేదు.

ముఠా అప్పటిదాకా లాచో జోలికి గట్టిగా రాకపోవడానికి కారణం కామెన్. వాడంటే వాళ్ళకి జంకు. అన్నదమ్ములు కలవకూడదని ఊరంతా తెలిశాక ఆ జంకు పోయింది. ఐదో నెలలో ఒకరోజు ముగ్గురు బడి గేటు దగ్గర కాపేశారు, కొత్త పనికి రమ్మని. స్లావ్కా ఆ వేళ ఆస్పత్రి క్యూలో ఉంది. లాచో అన్నకి ఫోన్ చేశాడు. కామెన్ పిండి ఆప్రాన్‌తోనే పరిగెత్తుకొచ్చి, తమ్ముడి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు. ఆ ముగ్గురూ పోలీసుల కంటబడలేదు. ఈ ఇద్దరూ పడ్డారు.

ఆ గురువారం కమిషన్ కూర్చుంది. మేం బోర్డింగుకి సిఫారసు చేస్తే జిల్లా కోర్టు ఒప్పుకోవాలి, కోర్టుకి వెళ్ళేది నేను టైపు చేసిన కాగితమే. స్లావ్కాకి ఆ సంగతి తెలుసు. గోడవార కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకుంది.

"రాయి వెస్కా. సొంత అన్నని కలిసినందుకు వీణ్ణి పంపుతున్నాం అని ఒక్కొక్కరు నోరు తెరిచి చెప్పాలి. పేరుతో సహా రాయి. జడ్జిగారు చదువుకుంటారు."

తను చూసేది ఆరోగ్యమేనన్నాడు డాక్టరు. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు కాబట్టి అంది హెడ్మిస్ట్రెస్. వాసెవ్ మొహం కందిపోయింది. "జాబితా పాతదే, కాదనను. అయినా రూలు రూలే," అనేశాడు. ఐదు నెలలుగా ఆ మనిషి నోట్లోంచి రాని మాట వచ్చింది. అదొక్కటీ కాగితం మీద పడితే చాలు, కోర్టులో కేసు నిలవదు.

"ఇది రాయకండి, వెస్కా గారూ," అన్నాడు గెత్సోవ్, చాలా మర్యాదగా.

స్లావ్కా నా వైపు చూసింది. బతిమాలలేదు. రాస్తాననే అనుకుంది పాపం. నాకు పెన్షన్ రెండేళ్ళ దూరంలో ఉంది. నేను కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

జడ్జి ముందుకి వెళ్ళిన కాగితంలో ఒక్కటే ఉంది: నిషేధించిన మూడో వ్యక్తిని కలిశాడు. సంతకం పెట్టడానికి ఆయనకి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ ఏడాది నివేదికలో గెత్సోవ్ నివారణ పథకం విజయవంతమైందని రాయించాడు. అదీ నేనే టైపు చేశాను. ఇంతసేపూ వాళ్ళని ఈసడించుకున్నాను గానీ, ఆ బల్ల చుట్టూ ఉన్న పిరికివాళ్ళు నలుగురు కాదు, ఐదుగురు.

తమాషా ఏంటంటే, బోర్డింగులో చేరగానే ఆ నిషేధం రద్దయింది. కామెన్ దగ్గరి బంధువు కదా, చూడ్డానికి వెళ్ళొచ్చట. రెండు వారాలకో ఆదివారం వాడూ స్లావ్కా రెండు గంటలు బస్సులో వెళ్ళి అరగంట చూసొస్తారు. లాచో ఇప్పుడు పెద్దగా మాట్లాడడట, చేతి మీద ఏదో పచ్చ పొడిపించుకున్నాడట.

పోయిన ఆదివారం పొద్దున నేను చీజు పెట్టి బన్నిత్సా అనే పొరల రొట్టె కాల్చి, నాలుగో అంతస్తుకి పట్టుకెళ్ళాను. స్లావ్కా తలుపు తీసి, పళ్ళెం అందుకుని, గుడ్డలో జాగ్రత్తగా మూట కట్టింది.

"వాడికి ఎవరు పంపారని చెప్పమంటావు?" అంది.

ఎవరి పేరూ చెప్పొద్దన్నాను.