మూడు రోజుల బుద్ధిమంతుడు

పుట్టిన బిడ్డకు ఎవరు తేనె నాకిస్తే వాళ్ళ బుద్ధులు వస్తాయని మావాళ్ళ నమ్మకం. అందుకే మా అక్కయ్య కూతురు అద్దంకిలో మగపిల్లాణ్ణి కన్న గంటలో నాకు ఫోనొచ్చింది. నేను ముప్పయ్యేళ్ళుగా గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. బంధువుల్లో నన్ను మించిన బుర్ర లేదని అందరూ ఒప్పుకున్నారు. నేను వాళ్ళకంటే ముందే ఒప్పుకున్నాను.

పోటీ లేకపోలేదు. పిల్లాడి నాన్న తరఫు తాతగారు మిరప రైతు. కాయ ఎప్పుడు అమ్మాలో, ఎప్పుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టాలో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కానీ ఆయనకు ముక్కు మీద కోపం. "తెలివొస్తే చాలు, ఆ నోరు మాత్రం రావద్దు నా మనవడికి" అని ఆయన భార్యే తేల్చేసింది.

గుంటూరు నుంచి బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడి వెళ్ళాను. నర్సింగ్ హోమ్ గదిలో పదిమంది చేరి తేనెను విచారిస్తున్నారు. అక్కయ్య గ్లాసు నీళ్ళలో చుక్క వేసి, కరగకుండా అడుక్కి దిగిందని చూపించింది. ఇంకెవరో అగ్గిపుల్ల ముంచి గీసి చూశారు. కల్తీ లేదని తేలింది. అందులో ముంచబోయే వేలు ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో ఒక్కరూ విచారించలేదు. నేను కొత్త పాఠం మొదలుపెట్టేవాడిలా గొంతు సవరించుకుని, వేలు ముంచి, పిల్లాడి నోట్లో పెట్టాను. చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు.

తల్లీ బిడ్డా అక్కయ్య ఇంటికి చేరారు. మూడో రోజు పొద్దున్నే ఫోను. "ఒరేయ్ తమ్ముడూ, అచ్చం నీ బుద్ధులేరా! కిక్కురుమనడు. పాలకు కూడా ఏడవడు. ఎంత బుద్ధిమంతుడో!" చిన్నప్పుడు నేను ఇల్లు పీకి పందిరేసిన సంగతి అక్కయ్యకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా స్టాఫ్ రూములో నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఆ బుద్ధిని గుర్తించనిది ఒక్క నర్సమ్మే. బాలింతను చూడ్డానికి వచ్చి, పిల్లాడి పాదం ముట్టుకుని, "ఒళ్ళు ఇంత చల్లగా ఉందేంటండీ? పాలు తాగి ఎంతసేపైంది?" అని అడిగిందట.

"నిన్న సాయంత్రం నుంచీ తాగట్లా. చెప్తూనే ఉన్నా, ఎవరూ వినట్లా" అంది మేనకోడలు. నర్సమ్మ వేసిన కేకకు పక్కింటివాళ్ళ కారు కదిలింది.

గుంటూరు ఆసుపత్రిలో, రక్తానికి ఇన్ఫెక్షన్ పాకిందన్నారు. నేను పరుగున వెళ్ళేసరికి పిల్లాడు గాజుపెట్టెలో ఉన్నాడు. వేలంత చేతికి సూది. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమంది డాక్టరమ్మ. "తల్లిపాలు కాకుండా నోట్లో ఇంకేమైనా పెట్టారా?" అని అడిగింది.

"అబ్బే, ఏమీ పెట్టలేదండీ" అన్నారు మావాళ్ళు ఒక్క గొంతుతో. ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. నేను కాసేపు గోడ మీది క్యాలెండర్ చదివాను. తర్వాత చెప్పేశాను. నిజాయితీ పొంగుకొచ్చి కాదు, పిల్లాడు పోతాడేమోనని భయమేసి.

"దేనివల్ల వచ్చిందో ఖాయంగా చెప్పలేం. ఆలస్యం మాత్రం మీరు చేసిందే. పసిబిడ్డ ఏడవకపోతే అది మంచితనం కాదండీ" అంది ఆవిడ. ఎంత పెద్ద క్లాసులోనైనా నన్నెవరూ అలా నోరు మూయించి కూర్చోబెట్టలేదు.

పిల్లాడు బతికాడు. ఆసుపత్రిలో చేర్చిన ఐదో రోజు వార్డు దద్దరిల్లేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విని నాకూ ఏడుపొచ్చింది. మేనకోడలు వాణ్ణి ఒళ్ళో వేసుకుని, నా వైపు చూడకుండా అంది.

"ఆరోజు చేతులు కడుక్కోమన్నాను మామయ్యా. అంత గోలలో నీకు వినపళ్ళేదనుకుంటా."

వినపడింది. పదిమందిలో చిన్నపిల్ల చెబితే లేచి వెళ్ళడం నామోషీ అనిపించి, విననట్టు ఊరుకున్నాను.

"అవునమ్మా, వినపళ్ళేదు" అన్నాను.